కోలలు అటక మీంచి దించండి

పోయిన నెల ఇదే పేజీలో తుంటి ఎముక విరిగిన పెద్దవాళ్ళ గురించి రాశాను కదా, దానికి వచ్చినన్ని ఉత్తరాలు ఈ మధ్య దేనికీ రాలేదు. ఆపరేషన్ గురించి అడిగినవాళ్ళు తక్కువే, అసలు పడకుండా ఏం చెయ్యాలి అన్నవాళ్ళే ఎక్కువ, ఇంకా చెప్పాలంటే "మా అమ్మ ఎక్సర్‌సైజ్ చెయ్యమంటే చెయ్యదండీ" అన్న ఫిర్యాదే సగం. ఫిజియోథెరపిస్టుగా ఈ మాట నాకు కొత్త కాదు. కాగితం మీద బొమ్మలు గీసి ఇచ్చిన వ్యాయామాలు ఎన్ని ఇళ్ళల్లో ఫ్రిజ్ తలుపు మీద పసుప్పచ్చగా మారిపోయాయో నాకు తెలుసు, మా నాన్నగారింట్లో కూడా ఒకటుంది, నేనే గీసిచ్చింది. అందుకే ఈసారి గదిలో ఒంటరిగా చేసే వాటి గోల వదిలేసి, నలుగురితో కలిసి చేసే వాటి గురించి వచ్చిన ఉత్తరాలే ఏరాను.

ప్రశ్న: మా అమ్మకి 71. పోయిన శ్రావణంలో వాకిలి కడుగుతూ జారిపడి కుడి మణికట్టు విరిగింది. కట్టు విప్పి నాలుగు నెలలైంది, చెయ్యి బాగానే ఉంది గానీ మనిషి మారిపోయింది. గుడికి వెళ్ళదు, పక్కింటికి కూడా నన్ను తోడు రమ్మంటుంది. డాక్టర్ గారు బ్యాలెన్స్ ఎక్సర్‌సైజులు రాసిస్తే రెండు రోజులు చేసి "ఈ వయసులో నాకీ కాళ్ళూ చేతులూ ఊపడాలేంటే" అని మానేసింది. ఒకప్పుడు మా ఊరి కోలాటం జట్టులో ముందు నిలబడి ఆడిన మనిషి. ఏం చెయ్యమంటారు? – ఒక కూతురు, తెనాలి

జవాబు: అమ్మా, జవాబు మీ ఉత్తరంలోనే ఉంది, చివరి రెండు లైన్లు మళ్ళీ చదువుకోండి. ఆ కోలలు ఏ అటక మీదో ఉండుంటాయి, దించండి.

ముందు మీ అమ్మగారికి ఏమైందో చెప్తాను. ఎముక అతికింది గానీ ధైర్యం అతకలేదు. భయమేసిన మనిషి ఏం చేస్తుంది, చిన్న చిన్న అడుగులేస్తుంది, నేల చూపులు చూస్తూ నడుస్తుంది, ఎక్కడికీ వెళ్ళదు, దాంతో తొడ కండరాలూ పిరుదుల కండరాలూ ఇంకా సన్నబడతాయి, అవి సన్నబడ్డాక నిజంగానే పడే రోజు దగ్గరకొస్తుంది. జాగ్రత్త అనుకుని చేస్తున్నదే కొంప ముంచుతుందన్నమాట. 65 దాటినవాళ్ళలో దాదాపు ముగ్గురికి ఒకరు ఏడాదిలో ఒక్కసారైనా పడుతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. మణికట్టు విరగడం చాలామందిలో మొదటి నోటీసు. పడేటప్పుడు చెయ్యి చాచి ఆపుకునే వేగం ఇంకా ఉంది కాబట్టి మణికట్టుతో పోయింది, ఆ వేగం కూడా తగ్గాక పడితే తుంటి మీదే పడతారు. కాబట్టి ఒకసారి ఎముకల గట్టిదనం చూసే డెక్సా స్కాన్ గురించి మీ డాక్టర్ గారిని అడగండి, అది మర్చిపోవద్దు.

ఇక కోలాటం. మీరు అది ఆట అనుకుంటున్నారు, నేను నా కళ్ళతో చూస్తే అందులో నాకు నా సిలబస్ కనిపిస్తుంది. పక్కామె కోలకి నా కోల తగలాలంటే చెయ్యి చాచాలి, చెయ్యి చాచగానే ఒంటి బరువంతా పాదం అంచు మీదకి పోతుంది, తగిలించి మళ్ళీ నడుము మీదకి లాక్కోవాలి. పక్కకి అడుగు, వెనక్కి అడుగు, సగం తిరగడం, వంగి లేవడం, ఇదంతా పాట వింటూ, తాళం చూసుకుంటూ, కోపు, అంటే అడుగుల వరస, మారినప్పుడు ఎటు వెళ్ళాలో గుర్తుపెట్టుకుంటూ. ఈ చివరిది చాలా ముఖ్యం. స్వీడన్‌లో 1997లో ఒక చిన్న పరిశీలన చేశారు, పెద్దవాళ్ళ పక్కన నడుస్తూ మాట కలిపారు, అంతే. జవాబు చెప్పడానికి నడక ఆపేసినవాళ్ళు 12 మంది, వాళ్ళలో 10 మంది తర్వాత ఆరు నెలల్లో పడ్డారు. అంటే నడకా మాటా రెండూ ఒకేసారి మొయ్యలేని స్థితికి వచ్చాక పడటం ఎక్కువ. మనం ఇంట్లో పడేది కూడా అప్పుడే కదా, ఫోన్ మోగుతుంటే, పొయ్యి మీద పాలు పొంగుతుంటే.

దీనికి దగ్గరగా ఉన్నది ఒకటి జెనీవాలో చేశారు. అక్కడ ఎమిల్ జాక్ డాల్‌క్రోజ్ అని ఒక సంగీతకారుడు వందేళ్ళ కిందటే పిల్లలకి సంగీతం ఒంటితో నేర్పే పద్ధతి తయారుచేశాడు, పియానో వాయిస్తుంటే దానికి తగ్గట్టు నడవడం, ఆగడం, తిరగడం, చేతిలో వస్తువు మార్చుకోవడం. దాన్నే 65 దాటిన 134 మంది మీద పెట్టి చూశారు, వారానికి ఒక్క గంట, ఆరు నెలలు. క్లాసుకి వెళ్ళినవాళ్ళలో పడటాలు సగానికి పైగా తగ్గాయి, 54 శాతం. 2011లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. ఆ క్లాసు వర్ణన చదివినప్పుడు నాకు మా అమ్మమ్మగారి ఊరి రామాలయం ముందు ఆడే కోలాటమే గుర్తొచ్చింది, పియానో బదులు తాళాలు, అంతే తేడా.

అయితే ఒక మాట దాచకుండా చెప్పాలి. డాన్స్ ఏదైనా సరే పడకుండా కాపాడుతుంది అని చెప్పడానికి గట్టి ఆధారం ఇంకా రాలేదు, బ్యాలెన్స్ కోసం ప్రత్యేకంగా చేసే వ్యాయామాలకీ, చైనా వాళ్ళ నెమ్మది కదలికల వ్యాయామం తాయ్‌చీకీ ఉన్నంత బలం డాన్స్‌కి లేదు. కాబట్టి కోలాటంతో పాటు కాళ్ళ బలానికి ఒక పది నిమిషాలు కలపండి, కుర్చీలోంచి చేతులు ఆనించకుండా పదిసార్లు లేచి కూర్చోవడం, వంటగట్టు పట్టుకుని మడమలు ఎత్తడం. అది కూడా "ఎక్సర్‌సైజ్" అనకండి, కోలాటానికి ప్రాక్టీస్ అనండి, తేడా మీరే చూస్తారు.

మొదలు ఎలా అంటే, కోలలు లేకుండా చప్పట్లతో. మొదటి రెండు వారాలు పక్కన బరువైన కుర్చీ, నెమ్మది పాట, నలుగురు ఆడవాళ్ళు చాలు. మీ వీధిలో 60 దాటినవాళ్ళు నలుగురు దొరక్కపోరు, మీ అమ్మగారిని నేర్చుకోవడానికి పిలవద్దు, నేర్పడానికి పిలవండి. తర్వాత కోలలు ఇవ్వండి, కుడి చేతిలో మొదట తేలికవి. గిర్రున తిరిగే కోపులు, తాళ్ళు అల్లుతూ ఆడే జడ కోలాటం ఇప్పుడప్పుడే వద్దు. చీర కుచ్చిళ్ళు మడమ పైకి ఉండాలి. ఇంకోటి మీకు: నడిచేటప్పుడు ఆవిడ చెయ్యి మీరు పట్టుకోవద్దు, పక్కన నడవండి, కావాలంటే ఆవిడే మీ చెయ్యి పట్టుకుంటారు.

ప్రశ్న: నాకు 74 ఏళ్ళు, హెడ్మాస్టర్‌గా రిటైరయ్యాను. రోజూ పొద్దున గంట నడుస్తాను, షుగర్ కంట్రోల్లో ఉంది, బీపీకి మందు వాడుతున్నాను. అయినా ఏడాదిలో రెండుసార్లు పడ్డాను, ఒకసారి రాత్రి బాత్రూమ్‌కి లేచినప్పుడు, ఒకసారి గుడి మెట్లు దిగుతూ. నడక చాలదా? మా శ్రీమతి యోగా క్లాసుకి రమ్మంటోంది, అక్కడంతా ఆడవాళ్ళే. – ఖమ్మం

జవాబు: మాస్టారూ, నడక మంచిదే, గుండెకీ షుగర్‌కీ మానొద్దు. కానీ పడకుండా ఉండటానికి అది ఒక్కటే చాలదు. మీరు నడిచే రోడ్డు చదునుగా ఉంటుంది, నేరుగా వెళ్తారు, అలవాటైన దారి, మీ బ్యాలెన్స్‌కి అక్కడ పరీక్షే లేదు. పరీక్ష పెట్టకుండా పిల్లవాడు పాసవుతాడా, మీకు నేను చెప్పాలా. 2019లో కాక్రేన్ అనే సంస్థ ప్రపంచంలో జరిగిన 108 పరీక్షల్ని, మొత్తం 23 వేల మందికి పైగా పెద్దవాళ్ళ లెక్కల్ని ఒకచోట పెట్టి చూసింది. వ్యాయామం చేసేవాళ్ళలో పడటాలు 23 శాతం తగ్గాయి, బ్యాలెన్స్ వ్యాయామాలకి కాళ్ళ బలం పెంచేవి కలిపి చేసినవాళ్ళలో 34 శాతం దాకా తగ్గాయి. ఒట్టి నడకకి మాత్రం అలాంటి ఫలితం తేల్చి చెప్పలేకపోయారు.

మీరు ఇంట్లోనే ఒక పరీక్ష పెట్టుకోండి, పక్కన మీ శ్రీమతిని గడియారంతో నిలబెట్టి. గోడకి ఆనించిన కుర్చీలో కూర్చుని చేతులు ఛాతీ మీద కట్టుకుని 30 సెకన్లలో ఎన్నిసార్లు పూర్తిగా లేచి కూర్చోగలరో లెక్కపెట్టండి. మీ వయసు మగవాళ్ళకి 12 కంటే తక్కువొస్తే కాళ్ళ బలం తగ్గినట్టే. రెండోది, గోడ పక్కన నిలబడి ఒక పాదం మడమకి రెండో పాదం వేళ్ళు తగిలేలా ముందూ వెనకా పెట్టి 10 సెకన్లు ఉండగలరేమో చూడండి.

ఇక మీరు పడ్డ రెండూ ఒకటి కాదు. రాత్రి లేచినప్పుడు పడ్డారంటే నాకు ముందు బీపీ మీదే అనుమానం, పడుకున్నవాళ్ళు దబుక్కున లేస్తే కొందరికి బీపీ పడిపోతుంది. ఐదు నిమిషాలు పడుకున్నాక ఒకసారి, లేచి నిలబడ్డాక ఒక నిమిషానికీ మూడు నిమిషాలకీ మళ్ళీ చూపించుకోండి, పై నంబర్ 20 గానీ కింది నంబర్ 10 గానీ తగ్గితే డాక్టర్‌కి చెప్పాలి. మందు మీరే ఆపేయకండి, చాలామంది ఆపేసి నా దగ్గరకొచ్చి గర్వంగా చెప్తారు. నిద్రమాత్రలు, ప్రోస్టేట్ మందులు ఏవైనా వాడుతుంటే అవి కూడా ఆ చీటీలో రాసి తీసుకెళ్ళండి. మెట్ల దగ్గర పడ్డది మాత్రం కళ్ళజోడు వల్లేమో, కింద దగ్గరచూపు ఉన్న అద్దంలోంచి చూస్తే మెట్టు అంచు మసగ్గా కనిపిస్తుంది, తల వంచి పై అద్దంలోంచి చూడటమో, బయటికి వెళ్ళేటప్పుడు దూరం చూపు జోడు వేరేగా పెట్టుకోవడమో చెయ్యండి. శుక్లాలు ఉన్నాయేమో కూడా చూపించుకోండి.

యోగా అంటారా, ఏం చేయిస్తున్నారో కనుక్కోండి. నిలబడి చేసేవి, తాడాసనంలో మడమలు ఎత్తడం, గోడ పక్కన వృక్షాసనం, వీరభద్రాసనం లాంటివి ఉంటే వెళ్ళండి. గంటలో ముప్పావు గంట కూర్చుని ప్రాణాయామం, మిగతాది శవాసనం అయితే మనసుకి హాయి, కాళ్ళకి లాభం లేదు. అందరూ ఆడవాళ్ళే అన్నది మాత్రం నేను ఒప్పుకోను మాస్టారూ. నలభై మంది ఆడపిల్లల్ని క్లాసులో కూర్చోబెట్టి పాఠం చెప్పినవారు ఇప్పుడు వాళ్ళ క్లాసులో కూర్చోడానికి మొహమాటమేంటి. మరీ ఇబ్బందైతే నలుగురు మగవాళ్ళని పోగుచేసి గుళ్ళో చెక్క భజన మొదలుపెట్టండి, చేతిలో చిడతలు, కాళ్ళు తాళానికి ముందుకీ వెనక్కీ పక్కకీ, నాకు తెలిసి మగవాళ్ళు సిగ్గుపడకుండా అడుగులేసే చోటు అదొక్కటే.

ప్రశ్న: మా అపార్ట్‌మెంట్‌లో 60 దాటినవాళ్ళు ముప్పై మంది దాకా ఉన్నాం. ఈ ఏడాది ముగ్గురు పడ్డారు. క్లబ్ హౌస్ ఖాళీగా ఉంటుంది, అసోసియేషన్ వాళ్ళు ఒప్పుకున్నారు. ఒక గ్రూప్ మొదలుపెడదాం అనుకుంటున్నాం, ఏం చేయించాలి, ఎలా చేయించాలి? – హైదరాబాద్, కూకట్‌పల్లి

జవాబు: ఈ ఉత్తరం చదివి నాకు చాలా సంతోషమేసింది, అందుకే కాస్త వివరంగా రాస్తాను. ముందు నేను చేసిన తప్పు చెప్తాను, మీరు చెయ్యకుండా ఉంటారు. మొదట్లో ఇలాంటి గ్రూప్ పెట్టినప్పుడు భయంతో అందర్నీ కుర్చీల్లో కూర్చోబెట్టి చేయించాను, చేతులు పైకి, కాళ్ళు ముందుకి, అందరూ హ్యాపీ, నేనూ హ్యాపీ, మూడు నెలల తర్వాత పరీక్ష పెడితే నిలబడటంలో ఏం మార్పూ లేదు. కూర్చుని చేసేది కూర్చోడానికే పనికొస్తుంది. మనం పడేది నిలబడ్డప్పుడు, కాబట్టి నిలబెట్టి చేయించాలి, కాస్త తూలేలా చేయించాలి. తూలకపోతే ఆ వ్యాయామం పనిచెయ్యట్లేదని గుర్తు, అలాగని పడేంత కాదు. మొదట రెండు చేతులతో కుర్చీ పట్టుకుని, తర్వాత ఒక చెయ్యి, తర్వాత ఒక వేలు, తర్వాత చెయ్యి గాల్లో, కుర్చీ మాత్రం పక్కనే.

కుర్చీ అంటే గుర్తొచ్చింది, ప్లాస్టిక్ కుర్చీలు వద్దు, నున్నటి టైల్స్ మీద అవి మనిషితో సహా జారతాయి. బరువైనవి, గోడకి ఆనించి. నేల తడి లేకుండా, హవాయి చెప్పులు బయట వదిలి, వెనక పట్టీ ఉన్న చెప్పులో బూట్లో వేసుకుని రావాలి, సాక్సుల్తో మాత్రం వద్దు. ఒక్కరు చేయిస్తుంటే పది పన్నెండు మంది మించకూడదు, మీరు ముప్పై మంది కాబట్టి రెండు మూడు బ్యాచులు చేసుకోండి, ప్రతి బ్యాచ్‌కీ పక్కన నిలబడి చూసే కుర్రవాళ్ళు ఇద్దరు ఉండాలి, మనవలు మనవరాళ్ళు సెలవుల్లో ఏం చేస్తున్నారు చెప్పండి. మొదటి రోజు ఒక ఫిజియోథెరపిస్టుని పిలిచి ఒక్కొక్కరినీ చూపించుకోండి, ఎవరికి ఏ మందులు, ఎవరికి గుండె జబ్బు, ఎవరి పాదాలకి షుగర్ వల్ల తిమ్మిరి, ఒక రిజిస్టర్‌లో రాసి పిల్లల ఫోన్ నంబర్లు కూడా పెట్టుకోండి. షుగర్ ఉన్నవాళ్ళు పరగడుపున రాకూడదు. ఛాతీలో నొప్పి, కళ్ళు తిరగడం వస్తే వెంటనే ఆపెయ్యాలి, తగ్గకపోతే 108కి ఫోన్ చెయ్యాలి, "ఏం కాదులే" అనేవాళ్ళ మాట వినకూడదు.

ఇప్పుడు ఆ గంట. పాత పాటలు పెట్టండి, ఎవరి పెళ్ళినాటి పాటలు వాళ్ళు తెచ్చుకోమనండి, ఆ గొడవతోనే సగం సరదా. పాటకి ఉన్నచోటే కాళ్ళు ఎత్తి వేస్తూ ఐదు నిమిషాలు. తర్వాత కుర్చీలాట, కానీ పరుగూ లేదు, కుర్చీ తీసెయ్యడమూ లేదు, పాట ఆగినప్పుడల్లా చేతులు ఆనించకుండా లేవాలి, మళ్ళీ ఆగితే కూర్చోవాలి, ఇరవైసార్లు లేచారని వాళ్ళకే తెలియదు. తర్వాత గుండ్రంగా నిలబడి పక్కకి అడుగులు, మడమల మీద నాలుగు అడుగులు, మునివేళ్ళ మీద నాలుగు అడుగులు. బాల్ ఒకటి, పేరు పిలిచి విసరాలి, ఎవరి పేరు పిలిస్తే వాళ్ళు అడుగు ముందుకేసి పట్టుకోవాలి. జ్ఞాపకశక్తి పోయిందనుకున్న మా పేషెంట్ ఒకాయన ఈ ఆటలో అందరి పేర్లూ నేర్చుకున్నాడు, అది బోనస్.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది తొక్కుడుబిళ్ళ. నవ్వకండి. జపాన్ వాళ్ళు స్క్వేర్ స్టెప్పింగ్ అని ఒకటి తయారుచేశారు, రెండున్నర మీటర్ల పొడవు చాప మీద పాతిక సెంటీమీటర్ల గళ్ళు, అడ్డంగా నాలుగు, నిలువుగా పది, మొత్తం 40. ముందు ఒకరు ఒక వరసలో అడుగులేసి చూపిస్తారు, మిగతావాళ్ళు అదే వరస గుర్తుపెట్టుకుని గీత తొక్కకుండా వెయ్యాలి, ముందుకి, పక్కకి, ఐమూలగా, వెనక్కి. మీరు సుద్దముక్కతో గీసుకోవచ్చు. గెంతడం మాత్రం లేదు, అది మన చిన్నప్పటి వెర్షన్. తప్పు వేసినవాళ్ళని చూసి మిగతావాళ్ళు నవ్వుతారు, తర్వాత వాళ్ళ వంతు వస్తుంది.

చివర్లో ఓపిక ఉన్నవాళ్ళకి నేల మీంచి లేవడం నేర్పండి, పరుపు లాంటి చాప వేసి. పక్కకి దొర్లి, మోచేతి మీద లేచి, చేతులూ మోకాళ్ళ మీదకి వచ్చి, కుర్చీ పట్టుకుని ఒక కాలు ముందు పెట్టి లేవడం. పడ్డవాళ్ళలో చాలామందికి దెబ్బ తగలకపోయినా లేవలేక గంటలు గంటలు నేల మీదే ఉండిపోతారు, అది వేరే నరకం. మన ముందు తరం వాళ్ళు పీట మీద కూర్చుని తిని, నేల మీద కూర్చుని కూరలు తరిగి రోజుకి ఇరవైసార్లు లేచేవాళ్ళు, డైనింగ్ టేబులూ కమోడూ వచ్చాక ఆ పని కాళ్ళకి పోయింది. కమోడ్ తీసెయ్యమనట్లేదు, మోకాళ్ళ నొప్పులవాళ్ళు నన్ను తిడతారు, ఆ లేవడం ఇంకెక్కడైనా చెయ్యాలి అంటున్నాను.

వారానికి మూడు రోజులు పెట్టుకోండి, మొత్తం మీద వారానికి మూడు గంటలు దాటితే ఫలితం బాగా కనిపిస్తుంది. రాలేని రోజుల్లో ఇంట్లో చేసుకోవడానికి న్యూజిలాండ్‌లో ఒటాగో యూనివర్సిటీ వాళ్ళు తయారుచేసిన పద్ధతి ఉంది, కాళ్ళకి చిన్న బరువులు కట్టుకుని వారానికి మూడుసార్లు అరగంట, అది ఫిజియోథెరపిస్టు నేర్పుతారు. మానేస్తే మాత్రం లాభం పోతుంది, బ్యాలెన్స్ డబ్బాలో పోసి దాచుకునే కందిపప్పు కాదు. అందుకే క్లాసు తర్వాత టీ తప్పకుండా పెట్టండి, బడ్జెట్‌లో ముందు అదే రాయండి. రాని మనిషికి ఆ రోజే ఇంకొకరు ఫోన్ చెయ్యాలి, "ఏంటండీ రాలేదు" అని. వ్యాయామం కోసం వచ్చేవాళ్ళు రెండు నెలలు వస్తారు, ఆ ఫోన్ కోసం వచ్చేవాళ్ళు రెండేళ్ళు వస్తారు, నేను చూసింది ఇదే.

ప్రశ్న: మేం బీచ్‌లో రోజూ లాఫింగ్ క్లబ్‌కి వెళ్తాం, అరగంట నవ్వుతాం. ఇది పడకుండా కాపాడుతుందా? – విశాఖపట్నం

జవాబు: నవ్వు ఒక్కటే కాపాడదండీ, నవ్వేటప్పుడు కాళ్ళు రెండూ నేల మీదే పాతినట్టు ఉంటాయి. కానీ మీ దగ్గర ఉన్న ఆస్తి ఇంకొకటి, రోజూ తప్పకుండా వచ్చే జనం. 1995లో ముంబైలో డాక్టర్ మదన్ కటారియా ఐదుగురితో మొదలుపెట్టింది ఇన్ని ఊళ్ళకి పాకిందంటే ఆ కలిసే అలవాటే కారణం. ఆ అరగంటలో పది నిమిషాలు నాకివ్వండి. ఒక్కో నవ్వుకీ ఒక్కో నిలబడటం పెట్టుకోండి, పాదం ముందు పాదం పెట్టి ఒక నవ్వు, పక్కవాళ్ళ భుజం పట్టుకుని ఒంటికాలి మీద ఒక నవ్వు. ఇసుకలో మాత్రం మొదటి రోజే వద్దు, గట్టి నేల మీద వచ్చాక ఇసుక.

ప్రశ్న: మా నాన్నగారు ఎక్సర్‌సైజ్ ఎందుకు, డి విటమిన్ పెద్ద డోస్ ఇంజెక్షన్ వేయించుకుంటే చాలు అంటున్నారు. నిజమేనా? – గుంటూరు

జవాబు: కాదండీ. తక్కువుందని పరీక్షలో తేలితే డాక్టర్ చెప్పినంత వేసుకోవాలి, అంతవరకే. ఆస్ట్రేలియాలో 70 దాటిన రెండు వేల మందికి పైగా ఆడవాళ్ళ మీద పెట్టి చూశారు, ఏడాదికి ఒక్కసారి 5 లక్షల యూనిట్లు ఇస్తే పడటాలు తగ్గుతాయేమో అని, తీరా ఇచ్చినవాళ్ళలోనే 15 శాతం ఎక్కువ పడ్డారు. 2010లో వచ్చిన ఫలితం ఇది. మీ నాన్నగారికి ఈ పేరా చదివి వినిపించండి, నిలబెట్టి.

ప్రశ్న: అమ్మ ఆరు నెలలకని నా దగ్గరికొచ్చింది, 73 ఏళ్ళు. ఇక్కడ చలికాలం, ఇంట్లోనే కూర్చుంటోంది, మెట్లెక్కడానికి భయపడుతోంది. దగ్గర్లో సీనియర్ సెంటర్‌లో తాయ్‌చీ క్లాసు ఉంది, ఇంగ్లీష్ రాదని రానంటోంది. – న్యూజెర్సీ

జవాబు: పంపండి బాబూ, తాయ్‌చీకి ఇంగ్లీష్ అక్కర్లేదు, చైనీస్ కూడా అక్కర్లేదు, ముందు నిలబడ్డ మనిషిని చూసి చెయ్యడమే. మోకాళ్ళు కాస్త వంచి, నీళ్ళల్లో నడిచినట్టు నెమ్మదిగా బరువు ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదకి మార్చడం, అందులో కిటుకంతా ఆ మార్చడంలోనే ఉంది. మీ దేశంలోనే, ఒరెగాన్‌లో, 70 దాటి పడే ప్రమాదం ఉన్న 670 మంది మీద దీన్ని పరీక్షించి 2018లో ఫలితాలు చెప్పారు, వారానికి రెండుసార్లు, ఆరు నెలలు. ఒట్టి స్ట్రెచింగ్ చేసినవాళ్ళ కంటే తాయ్‌చీ చేసినవాళ్ళలో పడటాలు 58 శాతం తక్కువ, రకరకాల వ్యాయామాలు కలిపి చేసినవాళ్ళ కంటే కూడా 31 శాతం తక్కువ. మొదటి రెండు క్లాసులు మీరు సెలవు పెట్టి పక్కన నిలబడి మీరూ చెయ్యండి, అమ్మ మిమ్మల్ని చూసి నవ్వుకుంటుంది, దాంతో మొహమాటం పోతుంది. అక్కడ ఇంకో తెలుగు అమ్మమ్మ దొరికితే ఇక మీ అవసరం ఉండదు. వాకిట్లో మంచు మీద ఒంటరిగా నడవనివ్వకండి, కారు తలుపు దాకా మీరు వెళ్ళండి.

ప్రశ్న: నాకు 78 ఏండ్లు. చిన్నప్పటి సంది తొమ్మిది రోజులు బతుకమ్మ ఆడుతున్న. ఈసారి మా కోడలు వద్దంటున్నది, పడ్తవు, కాలు ఇరిగితే ఎవరు చేస్తరు అంటున్నది. ఆడాలా వద్దా మీరే చెప్పుండ్రి. – కరీంనగర్

జవాబు: ఆడండమ్మా. వంగి చప్పట్లు కొట్టడం, లేవడం, పక్కకి అడుగేసి తిరగడం, వీటిని నేను డబ్బులు తీసుకుని నేర్పిస్తాను, మీకు ఊరికే వచ్చు. మీ కోడలిది కూడా తప్పు కాదు, ఏడాదంతా కూర్చుని ఆ తొమ్మిది రోజులే ఆడితే పడే మాట నిజమే. కాబట్టి పండుగకి రెండు నెలల ముందు నుంచే రోజు విడిచి రోజు సాయంత్రం వాకిట్లో పదిహేను నిమిషాలు ఆడండి, మధ్యలో బతుకమ్మ బదులు బిందె పెట్టుకోండి, కోడల్ని కూడా ఆటలో దింపండి. ఒకే పక్కకి తిరగకుండా రెండు పక్కలా తిరగండి. వంగినప్పుడు కళ్ళు తిరిగితే ఆపి బీపీ చూపించుకోండి. పండుగ రోజు వెలుగు ఉన్నచోట ఆడండి, పొద్దుపోయాక చెరువు కాడ మెట్లు పూలతో నీళ్ళతో జారుడుగా ఉంటాయి, బతుకమ్మని నెత్తిన పెట్టుకుని దిగేది, నీళ్ళల్లో వదిలేది మీ కోడలికి అప్పజెప్పండి. మీరు గట్టు మీద నిలబడి పాట అందుకోండి, ఆమెకి అన్ని పాటలు రావు కదా.